శాలిహుండం కొండ మీంచి కళింగపట్నం దాకా...

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, ఇంట్లో అందరి నోటా ఊటీ, కొడైకెనాల్, అరకు! మనం మాత్రం ఒడియాలు పెట్టుకోవాలి, ఆవకాయ కలుపుకోవాలి, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలకి చాకిరీ చెయ్యాలి. ఇక మన స్నేహితురాళ్ళతో మనం ఒక్కరోజు బయటికి వెళ్ళడం ఎప్పుడంటారు? మీరు వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఒక్కసారి లెక్క వేసుకోండి. మేం నలుగురం వేసుకుంటే ముప్ఫై ఎనిమిదేళ్ళని తేలింది! కాలేజీలో చదివేటప్పుడు వెళ్ళిన విహారయాత్రే ఆఖరుది.

అందుకే పోయిన వైశాఖ పౌర్ణమి నాడు మొగవాళ్ళనీ, మనవల్నీ, ఆవకాయ జాడీల్నీ వదిలేసి నలుగురం శ్రీకాకుళంలో బయల్దేరాం. పొద్దున్నే శాలిహుండం కొండెక్కి, అక్కణ్ణించి నడుచుకుంటూ కళింగపట్నం సముద్రం దాకా వెళ్ళాలని మా ప్లాను. ప్లాను ఎంతవరకు సాగిందో చెప్తాను గానీ, ముందు మా వాళ్ళని పరిచయం చెయ్యనివ్వండి. పేర్లు రాస్తే ఊరుకోమన్నారు కాబట్టి, మేం పిలుచుకునే పిలుపులే రాస్తాను. ఒకావిడ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయిన టీచరమ్మ. ఒకావిడ బ్యాంకమ్మ, ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఇంకొకావిడ ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మా సిస్టర్. నాలుగో మనిషిని నేను, వంట డిపార్టుమెంటు.

వంట సంగతి వచ్చింది కాబట్టి అది కాస్త చెప్పేసి ముందుకెళ్తాను. ఎండల్లో ప్రయాణానికి మామిడికాయ పులిహోర కన్నా చింతపండు పులిహోరే నయం, సాయంత్రం దాకా చెక్కుచెదరదు. మా వైపు పులిహోరకి ఆవ పెట్టకపోతే అది పులిహోరే కాదు. అయితే ఆవముద్ద అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపారో చేదెక్కిపోతుంది. పెరుగన్నానికి పెరుగు పొయ్యకండి. అన్నం మెత్తగా చిదిమి, గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేసి డబ్బాలో పెట్టండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. తోడుకి ఊరమిరపకాయలు. ఇవి కాక ఒక సీసా చోడి అంబలి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ఆ రెండు లీటర్లు మాకు చాలలేదని మీకు ముందే చెప్పేస్తున్నాను.

తెల్లవారుజామున అయిదు కాకుండానే ఆటో ఎక్కాం. శ్రీకాకుళం నుంచి శాలిహుండం పద్ధెనిమిది కిలోమీటర్లు. వేసవి తెల్లవారుజామున ఆ దారి ఎంత బావుంటుందో! రెండు పక్కలా తాటిచెట్లు, కొబ్బరితోటలు, దుక్కి దున్ని వదిలేసిన పొలాలు. కొండ కిందకి చేరేసరికి బాగా వెలుగొచ్చేసింది.

కొండంటే మీరేదో పెద్ద కొండనుకునేరు! మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కూడా ఆగుతూ ఆగుతూ ఎక్కగలిగిన చిన్న కొండే. రాతిమెట్ల దారి ఉంది. ఎక్కుతున్నకొద్దీ ఒక్కొక్క ఇటుక కట్టడం బయటపడుతూ ఉంటుంది. గుండ్రంగా కట్టిన స్తూపాలు, చైత్యాలు, బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాల పునాదులు. పైనున్న మహాస్తూపం బండిచక్రం ఆకులున్నట్టు లోపల గోడలతో కట్టిందని చెప్పింది టీచరమ్మ. ఇక్కడ తవ్వకాల్లో నాలుగు స్తూపాలు, ధాతువులు దాచిన బరిణెలు, తార, మారీచి విగ్రహాలు దొరికాయి. అన్నీ ఒక్క కాలానివి కావు. దాదాపు పన్నెండో శతాబ్దం దాకా, థేరవాదం, మహాయానం, వజ్రయానం అన్నీ ఈ కొండ మీదే ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. ఈ ఊరి పేరు "శాలివాటిక" నుంచి వచ్చిందని కొందరంటారు, అంటే ధాన్యపు కొట్టు అన్నమాట. "శల్యపేటిక" నుంచి వచ్చిందని ఇంకొందరంటారు, అంటే అస్థికలు దాచిన పెట్టె.

ఇంతకీ ఈ కొండ సంగతి లోకానికి చెప్పిందెవరో తెలుసా? 1919లో మన గిడుగు రామమూర్తి పంతులుగారు! మీరు, నేను ఇలా వాడుక భాషలో రాసుకుంటున్నామంటే, మన వంటింటి మాటలు పత్రికల్లో అచ్చవుతున్నాయంటే, దాని కోసం పండితులతో పోట్లాడిన పెద్దమనిషి ఆయనే. ఆయన పుట్టింది కూడా ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. అందుకే ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూడా రాశారాయన. అలాంటి మనిషి కంటపడింది కాబట్టే ఈ ఇటుకల దిబ్బ బతికిపోయిందేమో అనిపించింది నాకు.

మేం వెళ్ళింది పౌర్ణమి నాడని చెప్పాను కదా. వైశాఖ పౌర్ణమి అంటే బుద్ధ పౌర్ణమి. స్తూపం పక్కన నీడలో కూర్చుని అంబలి తాగుతూ చుట్టూ చూశాం. ఒక పక్క వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి, 250 కిలోమీటర్ల పైచిలుకు నడిచి వచ్చిన నది అది. వేసవి కదా, సగం ఇసుకే. మధ్యలో నీలంగా సన్నని పాయలు. ఆ పాయల్ని పట్టుకుని కళ్ళు తూర్పుకి తీసుకెళ్తే, చివర ఓ వెండిగీత. అదే సముద్రం. అక్కడే కళింగపట్నం. పూర్వం ఆ రేవు నుంచే ఓడలు తూర్పు దేశాలకి వెళ్ళేవట. బౌద్ధం సుమత్రా దాకా ఈ తీరం నుంచే వెళ్ళిందంటారు.

"అదుగో సముద్రం!" అని బ్యాంకమ్మ చెయ్యి చూపించింది. టీచరమ్మ మాత్రం తల దించుకుని అంబలి గ్లాసులోకే చూస్తోంది.

"ఏమిటే? అలా ఉన్నావు?" అన్నాను.

"నేనెప్పుడూ కళింగపట్నం చూడలేదే" అంది.

మేం ముగ్గురం నవ్వాం. శ్రీకాకుళంలో పుట్టి పెరిగి, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సోషల్ పాఠం చెప్పిన మనిషి! నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

అప్పుడు చెప్పింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ స్నేహంలో మాకెప్పుడూ చెప్పని సంగతి.

వాళ్ళ తాతగారు 1938లో రంగం వెళ్ళారు. రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో మన ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలికీ నాలికీ వేలమంది వెళ్ళేవాళ్ళని మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పని. స్టీమరు కళింగపట్నంలో ఆగేది. ఒడ్డు దాకా రాదు, దూరంగా నిలబడితే పడవల్లో వెళ్ళి ఎక్కాలి. చంకలో ఏడాది పిల్లతో అమ్మమ్మ ఒడ్డున నిలబడి, ఆ పడవ అలల మీద లేచి పడుతుంటే చూసిందట. ఆ చంకలో పిల్లే మా టీచరమ్మ తల్లి.

మూడేళ్ళు డబ్బు వచ్చింది, ఉత్తరాలు వచ్చాయి. 1941 డిసెంబరు 23న జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి చిక్కింది. ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకని పేదవాళ్ళు నడిచారు. మనవాళ్ళు నాలుగైదు లక్షల మంది బర్మా నుంచి అలా నడిచి వచ్చారని చరిత్ర చెప్తోంది. కొందరు మణిపూర్ వైపు వచ్చారు. కొందరు ప్రోమ్ నుంచి అరకాన్ కొండల మీదుగా, తౌంగుప్ కనుమ దాటి సముద్రపు ఒడ్డుకి. వంద మైళ్ళకు పైగా కొండదారి. తాగడానికి నీళ్ళు లేవు, కలరా. దారిలో వేలాదిమంది రాలిపోయారు.

"మా తాత ఆ కనుమ దాకా వచ్చాడు" అంది టీచరమ్మ. "పక్క ఊరాయన ఒకడు బతికొచ్చి అమ్మమ్మకి చెప్పాడు. కొండ మలుపులో తాత ఒక రాయి మీద కూర్చున్నాడట. మీరు నడవండి, నేను కాస్త కూచుని వస్తాను అన్నాడట. వీళ్ళు నడిచారు. అంతే."

శవం లేదు, కబురు లేదు. పోయాడని గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. అమ్మమ్మ బొట్టు తియ్యలేదు. 1989లో పోయేదాకా పెట్టుకునే ఉంది. కానీ కళింగపట్నం పేరెత్తనిచ్చేది కాదట. ఆ రేవు నుంచి వచ్చిన చేప వంటింట్లోకి రానిచ్చేది కాదు. కూతుర్ని తీసుకెళ్ళలేదు, మనవరాల్ని వెళ్ళనివ్వలేదు. అమ్మమ్మ పోయాక కూడా ఆ మాట అలవాటై ఉండిపోయింది.

"మరి ఇవాళ ఎందుకొచ్చావే?" అంది బ్యాంకమ్మ మెల్లిగా.

"ఎన్నాళ్ళని చూడకుండా ఉంటాం?" అంది టీచరమ్మ.

మేం మాట్లాడలేదు. అక్కడ దొరికిన తార విగ్రహం సంగతి అంతకుముందే చెప్పుకున్నాం. తార అంటే దాటించేది. ఎనిమిది మహాభయాల నుంచి కాపాడుతుందని బౌద్ధుల నమ్మకం. అందులో నీటి భయం కూడా ఒకటి. సిస్టర్ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

ఇక్కడే మేం తప్పు చేశామండీ. మీరు చెయ్యకూడదని రాస్తున్నాను. కబుర్లలో పడి కొండ దిగేసరికి తొమ్మిది దాటింది. అక్కణ్ణించి కళింగపట్నం అయిదు మైళ్ళు, అంటే ఎనిమిది కిలోమీటర్లు. ఆరున్నరకి బయల్దేరి ఉంటే చల్లగా చేరేవాళ్ళం. మే నెలలో తొమ్మిది తర్వాత నడవకూడదని సిస్టర్ అంటూనే ఉంది. "అబ్బ, గొడుగులున్నాయి కదే, ఎంతసేపు!" అన్నది నేనే. తప్పు నాది.

మొదటి మూడు కిలోమీటర్లు హుషారుగానే నడిచాం. జీడితోటల వాసన, దూరంగా నది మీంచి వచ్చే గాలి. పది దాటాక ఆ గాలి ఆగిపోయింది. తారు రోడ్డు కాళ్ళ కింద పెనంలా కాలుతోంది. మా నీళ్ళ సీసాలు ఒక్కొక్కటే ఖాళీ. టీచరమ్మ నడక తడబడింది. "తల తిరుగుతోంది" అంది. మొహం పాలిపోయి, చెమటలు కారిపోతున్నాయి. రోడ్డు పక్కనున్న రాయి మీద చతికిలబడింది.

"మీరు నడవండే, నేను కాస్త కూచుని వస్తాను" అంది.

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక తనకే అర్థమైంది. మా మొహాలు చూసింది. ఎవరికీ నోట మాట రాలేదు.

"ఎవరూ ఎక్కడికీ నడవరు" అంది సిస్టర్. నేనెప్పుడూ వినని గొంతు అది. వార్డులో వినిపించే గొంతు కాబోలు.

ఆ దగ్గర్లోనే తాటిచెట్ల కింద ఒకావిడ ముంజలు కొడుతోంది. మమ్మల్ని చూసి కత్తి కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! ఏటమ్మా, ఈ ఎండలో ఎటెల్తన్నారు? మతిపోయిందేటి! రండి, నీడకి రండి తల్లీ" అంటూ టీచరమ్మని ఒక పక్క తను, ఒక పక్క సిస్టర్ పట్టుకుని నడిపించుకెళ్ళారు.

సిస్టర్ చేసినవన్నీ వరసగా రాస్తున్నాను, ఎవరికైనా అవసరం పడొచ్చు. నీడలో పడుకోబెట్టి కాళ్ళ కింద సంచీ పెట్టి ఎత్తు చేసింది. జాకెట్టు హుక్కులు వదులు చేసింది. చీరచెంగులు తడిపి మెడ మీద, చంకల్లో, నుదుటి మీద వేసి మమ్మల్ని విసరమంది. సంచీలోంచి తను ఇంట్లో కలిపి తెచ్చిన నీళ్ళు తీసి గుక్కగుక్కగా పట్టింది. ఆ కొలత కూడా చెప్పమన్నాను. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. "చెమట పడుతోంది, మాట సరిగ్గా ఉంది కాబట్టి సరిపోయింది. ఒళ్ళు పేలిపోతూ, మాట తడబడుతూ, తెలివి తప్పుతున్నట్టుంటే అది వడదెబ్బ. ఒళ్ళు తడుపుతూనే 108కి ఫోన్ చెయ్యాలి, తాగడానికి బలవంతంగా పొయ్యకూడదు" అంది.

అరగంటకి టీచరమ్మ లేచి కూర్చుంది. ముంజలావిడ చల్లటి ముంజలు వేలితో తీసి నోటికందించింది. తన సత్తుగిన్నెలో అంబలి, దాంట్లోకి నంజుకోడానికి ఉల్లిపాయ. మేం మా పులిహోర ఆవిడకి పెట్టాం. "ఆవెట్టినారేటి? బాగున్నాదమ్మా" అంది. నా జన్మ ధన్యమైంది! వెళ్ళేటప్పుడు ముంజలకి డబ్బులు తీసుకుంది గానీ, అంబలికి తీసుకోమంటే కోప్పడింది.

మధ్యాహ్నం మూడున్నర దాకా ఆ తాటిచెట్ల కిందే గడిపాం. పెరుగన్నం తిన్నాం, కునుకు తీశాం, పాత పాటలు పాడుకున్నాం. మిగిలిన దూరం నడుస్తామని ఒక్కరం కూడా అనలేదు. ఆటో పిలిపించుకున్నాం. ఇంటికి పోదామా అని అడిగింది సిస్టర్. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది.

కళింగపట్నం ఇప్పుడు ఓడలు ఆగే రేవు కాదు. 1958లో రేవు మూతపడింది. దీపస్తంభం ఉంది, దర్గా ఉంది, వలలు బాగుచేసుకునే మత్స్యకారుల పడవలున్నాయి. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళున్నారు, పిల్లలున్నారు. వంశధార వచ్చి సముద్రంలో కలిసే చోటు చూస్తే, పొద్దున్న కొండ మీంచి చూసిన ఆ వెండిగీత ఇదేనా అనిపిస్తుంది. అంత వెడల్పు!

టీచరమ్మ చెప్పులు విప్పి, సిస్టర్ చెయ్యి పట్టుకుని తడి ఇసుక దాకా వెళ్ళింది. అల వచ్చి పాదాలు తడిపింది. ఇంకోటి వచ్చింది. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత పర్సులోంచి చిన్న కుంకుమ భరిణె తీసింది. ఇత్తడిది, మూత మీద సొట్ట. అమ్మమ్మది.

"దీన్ని ఇక్కడ కలిపేద్దామని తెచ్చాను" అంది.

మేం వద్దనలేదు, సరే అనలేదు. తనే మూత తీసి, చిటికెడు కుంకుమ నీళ్ళల్లో వదిలింది. మూత పెట్టేసి మళ్ళీ పర్సులో వేసుకుంది. "అమ్మమ్మ చేతిలో ఇరవై నాలుగు గంటలూ ఉండేదే ఇది. బుద్ధి పుట్టట్లేదు" అంది.

మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో అస్తమించడు కదా, మన వెనక ఊళ్ళవైపు దిగిపోతాడు. దాంతో సాయంత్రం సముద్రం చిన్నబోయినట్టుంటుంది. కానీ ఆ రోజు పౌర్ణమి. చీకటి పడుతూ ఉండగా, నీళ్ళ చివర ఎర్రగా ఏదో లేచింది. ఓడ దీపమేమో అనుకున్నాం. కాసేపటికి గుండ్రంగా చందమామ! పిల్లలు కేకలు పెట్టారు. మిగిలిన పులిహోర డబ్బా తెరిచాం. టీచరమ్మ అందరికన్నా ఎక్కువ తింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంది, "ఈసారి మా అమ్మని తీసుకొస్తా. తనకి ఎనభై దాటాయి. వాళ్ళ నాన్న ఎక్కిన ఒడ్డు చూడాలి కదా."

మీరూ వెళ్ళాలనుకుంటే నాలుగు మాటలు. వేసవిలో అయితే తెల్లవారుజామునే కొండెక్కి ఎనిమిదిలోపు దిగిపోండి. నడక సరదా ఉన్నవాళ్ళు చలికాలంలో పెట్టుకోండి. శాలిహుండం నుంచి సముద్రం దాకా అప్పుడు హాయిగా నడవొచ్చు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా తీసుకెళ్ళండి. కొండ మీద ఇటుకల మీద ఎక్కకండి, పేర్లు చెక్కనివ్వకండి. సముద్రంలో మోకాళ్ళు దాటి దిగకండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ గుంపులో ఒకరు కూర్చుంటే మిగతావాళ్ళూ కూర్చోండి. సముద్రం ఎక్కడికీ పోదు, సాయంత్రం చూడొచ్చు.

మరి, మీ స్నేహితురాళ్ళకి ఫోను ఎప్పుడు చేస్తున్నారు?